రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం అలాగే ఉంది

"రిపోర్టులన్నీ నార్మల్. మీకేం లేదు." నెలల తరబడి కడుపునొప్పితో తిరిగినవాళ్లకు ఈ మాట ఊరటనివ్వదు, పైగా ఇంకో భయం అంటిస్తుంది. నొప్పి నిజంగానే ఉంది కదా, దొరకలేదంటే ఇంకా పెద్దదేదో దాక్కుని ఉందేమోనని. ఆ నొప్పితోనూ ఆ భయంతోనూ వేగి బయటపడ్డదాన్ని నేను. నా కథ అటుంచి, ఏ పరీక్ష దేనికి, దానికెలా సిద్ధం కావాలి, ఏమీ దొరకనప్పుడు ఏం చేయాలి అన్నవి మాత్రం రాస్తున్నాను. ఇది డాక్టరుకు బదులు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చదువుకోవడానికి.

ముందుగా, అసలు ఆగకూడనివి. ఉన్నట్టుండి మొదలై గంటగంటకూ పెరిగే నొప్పి, చెయ్యి వేయనివ్వకుండా బిగుసుకుపోయిన కడుపు, రక్తపు వాంతులు, తారు రంగులో విరేచనం, వాంతులవుతూ కిందనుంచి గ్యాస్ కూడా పోకపోవడం, నొప్పితో పాటు చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, కళ్లు తిరిగి పడిపోవడం, గర్భంతో ఉన్నప్పుడు లేదా నెల తప్పినప్పుడు పొత్తికడుపులో నొప్పి. వీటిలో ఏది ఉన్నా చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లాలి. పై పొట్టలో నొప్పికి చెమటలు, ఆయాసం తోడైతే అది గుండెది కూడా కావచ్చు.

అంత తొందర లేకపోయినా వదిలేయకూడనివి కొన్ని ఉన్నాయి. కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, మింగడం కష్టమవడం, తోబుట్టువుల్లోనో తల్లిదండ్రుల్లోనో పెద్దపేగు క్యాన్సర్, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు. డాక్టర్లు ఎన్ని పరీక్షలు రాయాలో తేల్చుకునేది ఎక్కువగా వీటిని బట్టే. ఇవేవీ లేనప్పుడు పరీక్షల పట్టీ చిన్నదిగానే ఉంటుంది. పొట్టిగా ఉందంటే డాక్టరు పట్టించుకోలేదని కాదు.

పరీక్షలకన్నా ఎక్కువ చెప్పేది రెండు వారాల డైరీ. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా స్కానింగుకి వెళతారు. "ఎప్పట్నుంచో, అక్కడక్కడా, ఒక్కోసారి" అని చెబితే ఎంత మంచి డాక్టరైనా ఏం పట్టుకుంటారు? ఒక్కో నొప్పికి ఒక్క లైను చాలు. ఇలా: "మంగళవారం ఉదయం 7.20. బొడ్డుకి ఎడమవైపు, నాలుగు వేళ్ల కింద. మెలిపెట్టే నొప్పి, పదికి ఆరు. 40 నిమిషాలు. విరేచనమయ్యాక రెండుకి దిగింది. రకం 6. రాత్రి నిద్ర నాలుగు గంటలు." ఇందులో "రకం" అంటే బ్రిస్టల్ స్కేలు, మలం ఎంత గట్టిగా, ఎంత పల్చగా ఉందో 1 నుంచి 7 వరకు చెప్పే పట్టీ. 1997 నుంచి వాడుకలో ఉంది. 1, 2 మలబద్ధకం, 3, 4 మామూలు, 5 నుంచి 7 వరకు పల్చబడుతూ పోవడం. స్త్రీలైతే నెలసరి ఎన్నో రోజో కూడా రాయాలి. వేసుకున్న మాత్రలు, ముఖ్యంగా ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు తప్పకుండా రాయాలి. అవే పొట్టలో పుండ్లకు కారణం కావచ్చు.

రెండు వారాలు గడిచేసరికి కాగితం మీద ఒక తీరు కనబడుతుంది. విరేచనంతో ముడిపడి పెరిగే లేదా తగ్గే నొప్పి, దాంతో పాటు మలం తీరు మారడం అయితే ఐబీఎస్ వైపు, అంటే పేగులు చూడటానికి బాగానే ఉన్నా నొప్పి, విరేచనాల తేడా తెచ్చే జబ్బు. కొంచెం తినగానే నిండిపోయి పై పొట్టలో మంట అయితే ఫంక్షనల్ డిస్పెప్సియా వైపు, అంటే పుండులాంటిదేమీ లేకుండా పనితీరులోనే తేడా వచ్చిన అజీర్తి. కుడి డొక్క పైభాగాన, నూనె ఎక్కువైన భోజనం తర్వాత అరగంట నుంచి కొన్ని గంటలపాటు ఉండి కుడి భుజం వైపు పాకితే పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూడాలి. నెలనెలా అదే రోజుల్లో వస్తే గైనకాలజిస్టును కలవాలి.

తిండికీ విరేచనానికీ సంబంధం లేకుండా, వంగినప్పుడూ పక్కకు తిరిగినప్పుడూ, ఒక్క వేలి కొనతో చూపించగలిగే చోట నొప్పి వస్తోందా? అయితే పేగుల్ని కాసేపు పక్కనపెట్టి పొట్ట గోడను చూడమని డాక్టరును అడగండి. దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది, 1926లో కార్నెట్ అనే సర్జన్ చెప్పినది. వెల్లకిలా పడుకోవాలి. నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి ఉంచి, చేతుల ఆసరా లేకుండా తలా భుజాలూ పైకెత్తాలి. అప్పుడు కండరం బిగుసుకుని లోపలి అవయవాలకు అడ్డు నిలుస్తుంది. నొప్పి తగ్గితే మూలం లోపల ఉండే అవకాశం ఎక్కువ. అలాగే ఉన్నా, పెరిగినా పొట్ట గోడలోనే ఉందనుకోవచ్చు. పొట్ట నిలువు కండరం అంచున చర్మనరం ఇరుక్కుంటే వచ్చే నొప్పి ఇలాగే ఉంటుంది. స్కానింగులో అది కనబడదు. సరిగ్గా ఆ బిందువులో లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో తగ్గుతుంది, ఆ తగ్గడమే నిర్ధారణ. ఎన్నో ఎండోస్కోపీల తర్వాత గాని గుర్తుకు రాని జబ్బు ఇది. అయితే ఇంట్లో రోజూ నొక్కి చూసుకోవద్దు. నొక్కగా నొక్కగా ఆ చోటు కందిపోయి కొత్త నొప్పి పుడుతుంది, అదే ఇంకో భయానికి దారి.

ఇక పరీక్షలు. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబు. రాసిచ్చినప్పుడే రెండు మాటలు అడగాలి: దీంతో దేన్ని వెతుకుతున్నారు? ఉంటే ఏం చేస్తారు, లేకపోతే ఏం చేస్తారు? రెండింటికీ ఒకే వైద్యం అయితే ఆ పరీక్ష కొన్నాళ్లు ఆగినా నష్టం లేదు.

రక్తపరీక్షల్లో సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, రక్తహీనతను, సీఆర్పీ ఒంట్లో వాపును పట్టిస్తాయి. సీలియాక్, అంటే గోధుమ పడక పేగు దెబ్బతినే జబ్బు. దాని రక్తపరీక్షకు గోధుమ తింటూ ఉండగానే వెళ్లాలి. ముందే మానేసి వెళితే జబ్బున్నా నెగటివ్ రావచ్చు. మల పరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగుల్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీను) గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగుల్లో వాపు జబ్బు ఉండే అవకాశం చాలా తక్కువ. కొంచెం ఎక్కువ వస్తే కంగారు పడనక్కర్లేదు. నొప్పి మాత్రలు వాడినా, ఈమధ్యే విరేచనాల జబ్బు వచ్చి తగ్గినా అది పెరుగుతుంది, కొన్ని వారాలాగి మళ్లీ చేస్తారు. పొట్టలో పుండ్లు తెచ్చే హెచ్ పైలోరీ బ్యాక్టీరియా కోసం శ్వాస పరీక్షకో మల పరీక్షకో వెళ్లేముందు డాక్టరును అడిగి గ్యాస్ మాత్రలు, అంటే పాంటాప్రజోల్ తరహావి, రెండు వారాలు ఆపాలి. యాంటీబయాటిక్స్ వాడి ఉంటే నాలుగు వారాలు ఆగాలి.

రిపోర్టులో బోల్డు అక్షరాలు కనిపిస్తే గుండె జారిపోతుంది. ఇక్కడొక లెక్క తెలిసి ఉండాలి. ల్యాబులు వేసే "నార్మల్" హద్దులు సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఇమిడేలా గీసినవి. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనూ నూటికి ఐదుగురు హద్దు దాటతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం 64 శాతం. "మాస్టర్ చెకప్" చేయించుకుని కొత్త జబ్బు తెచ్చుకోవడం అంటే ఇదే. అల్ట్రాసౌండులో కనబడే చిన్న చిన్న కిడ్నీ సిస్టులు, లివర్లో హెమాంజియోమా (రక్తనాళాల చిన్న ముద్ద) కూడా ఈ కోవకే చెందుతాయి. చాలావరకు అవి నొప్పికి కారణం కావు, స్కాన్ చేశారు కాబట్టి కనబడ్డాయంతే.

అల్ట్రాసౌండుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు. పొత్తికడుపు కూడా చూడాలంటే మూత్రం ఆపుకోవాలి. సీటీ స్కానులో కాంట్రాస్ట్ (అవయవాలు స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించగానే ఒళ్లంతా వేడెక్కి, నోట్లో లోహపు రుచి వచ్చి, బట్టల్లోనే మూత్రం పోసుకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి పోదు. ఆ ముక్క ముందే తెలిస్తే బల్ల మీద బెదిరిపోరు.

అందరూ భయపడేది ఎండోస్కోపీకి. గొట్టం మందం సుమారు ఒక సెంటీమీటరు. పని సాధారణంగా ఐదు నుంచి పది నిమిషాల్లో అయిపోతుంది. గొంతులో చల్లే మందు చేదుగా ఉంటుంది, తర్వాత గుటక పడనట్టు, గొంతు పూడుకుపోయినట్టు అనిపిస్తుంది. అక్కడే చాలామంది ఊపిరి ఆడటం లేదని కంగారు పడతారు. గొట్టం వెళ్లేది ఆహారనాళంలోకి, శ్వాసనాళం దారి వేరు. ముక్కుతో నెమ్మదిగా పీలుస్తూ, కళ్లు తెరిచి ఒకేచోట చూస్తూ ఉండాలి. లాలాజలం మింగకుండా బయటికి కారనివ్వాలి. మింగబోతేనే పొలమారి ఓకరింపు పెరుగుతుంది. బయాప్సీ, అంటే పరీక్షకు చిన్న ముక్క, తీశారని తెలిస్తే క్యాన్సర్ అనుమానమేనని కుంగిపోతారు, కానీ హెచ్ పైలోరీ కోసమో సీలియాక్ కోసమో చూడటానికి మామూలుగానే తీస్తారు. తీసేటప్పుడు నొప్పి తెలియదు. గొంతు తిమ్మిరి పోయేదాకా మంచినీళ్లు కూడా తాగకూడదు.

మలద్వారం నుంచి గొట్టం పంపి పెద్దపేగు చూసే కొలనోస్కోపీలో మాత్రం పరీక్ష సులువు, ముందురోజే కష్టం. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపమంటారు, లేకపోతే మలం నల్లగా అంటుకుని గోడలు కనబడవు. రక్తం పలచబరిచే మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు సొంతంగా మానకుండా ముందే అడగాలి. గింజలు, తొక్కలు, పీచు ఉన్నవి కొద్దిరోజుల ముందునుంచే తగ్గించాలి. ఎర్రటి, ఊదారంగు పానీయాలు లోపల రక్తంలా కనబడతాయి కాబట్టి వద్దు. పేగు శుభ్రం కావడానికి తాగే పెగ్ పౌడరు ద్రావణం రకాన్ని బట్టి రెండు నుంచి నాలుగు లీటర్లు ఉంటుంది. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందే ముగించాలి. ఈ రెండో భాగం కోసం తెల్లవారుజామున లేవడానికి బద్ధకించి మొత్తం రాత్రే తాగేస్తే పొద్దుటికి చిన్నపేగు ద్రవం దిగి పెద్దపేగు కుడివైపు గోడకు పూత పడుతుంది. పరీక్ష మళ్లీ చేయాల్సి రావడానికి ఇదొక ముఖ్య కారణం. బాగా చల్లబరిచి, స్ట్రాతో, పది పదిహేను నిమిషాలకో గ్లాసు చొప్పున తాగితే దిగుతుంది. వికారం వస్తే అరగంట ఆగి మళ్లీ మొదలెట్టాలి. మొదటి విరేచనం నుంచే వాజలైన్ రాసుకోండి, మంట పుట్టాక రాస్తే ఆలస్యమే. చివరికి మూత్రంలా పసుప్పచ్చగా, తేటగా రావాలి. గోధుమరంగు ద్రవం ఇంకా వస్తుంటే బయల్దేరేముందే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. మత్తిచ్చాక డాక్టరు చెప్పింది గుర్తుండదు, కాబట్టి వెంట ఒక మనిషి ఉండాలి, మాటలు కాగితం మీద రాయించుకోవాలి. ఆ రోజంతా బండి నడపకూడదు, సంతకాలు పెట్టకూడదు.

అసలు నరకం రిపోర్టు వచ్చేలోపు. రాత్రి పదకొండుకి ఫోనులోకి రిపోర్టు వస్తే తెరవకపోవడం మేలు, ఆ వేళ అడగడానికి ఎవరూ ఉండరు. ఎప్పుడొస్తుంది, ఎవరు చెబుతారు, ఆ రోజుకి రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి పరీక్ష రోజే రాసుకోవాలి. భయాన్ని రోజంతా మోయకుండా సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు దానికే కేటాయించి, అప్పుడే కాగితం మీద పెట్టాలి. వేరే వేళల్లో వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది గాని వారం సాధన లేనిదే కుదరదు.

అన్నీ చూశాక ఏమీ దొరకలేదంటే? ఐబీఎస్ అనేది "ఏమీ దొరక్క పెట్టిన పేరు" కాదు. పేగుల డాక్టర్లు వాడే 2016 రోమ్-4 ప్రమాణాల ప్రకారం దానికంటూ లెక్క ఉంది: గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి, అది విరేచనంతో ముడిపడటం, విరేచనాల సంఖ్య మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు, లక్షణాలు మొదలై ఆరు నెలలు దాటడం. పేగుల నరాలు మామూలు కదలికనూ గ్యాస్‌నూ నొప్పిగా పైకి చేరవేస్తాయి, మెదడు దానికి ఇంకాస్త చేరుస్తుంది. మైకు సౌండు పెంచి వదిలేసినట్టన్నమాట, గుసగుస కూడా కేకలా వినిపిస్తుంది. భయం ఆ సౌండును ఇంకా పెంచుతుంది. అందుకే ఆందోళనకు వైద్యం చేయడమంటే "అంతా మీ మనసులోనే" అనడం కాదు.

మందుల్లో పేగుల మెలికను సడలించే మెబెవరిన్ 135 మి.గ్రా. భోజనానికి ఇరవై నిమిషాల ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది, నొప్పి వచ్చాక వేసుకుని లాభం లేదనేవాళ్లు చాలావరకు ఇక్కడే తప్పుతారు. పీచుగా పనిచేసే ఇసబ్‌గోల్ రోజుకి మూడు నాలుగు గ్రాములతో మొదలెట్టి వారానికోసారి పెంచాలి. ఒకేసారి పెద్ద చెంచాలు వేస్తే ఉబ్బరం వచ్చి "నాకు పడదు" అని మానేస్తారు. రాత్రిపూట తక్కువ డోసు అమిట్రిప్టిలిన్, 10 మి.గ్రా. నుంచి మొదలెట్టి 30 వరకు, ఐబీఎస్‌లో పనిచేస్తుందని 2023లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ ట్రయల్ చూపించింది. అది డిప్రెషన్ మాత్ర కదా అని చీటీ చించేసేవాళ్లున్నారు. డిప్రెషన్‌కు వాడే డోసు ఇంతకన్నా చాలా ఎక్కువ. ఇక్కడ అది నరాల సౌండు తగ్గించడానికి. నోరు ఎండటం, పొద్దున మగత మొదట్లో ఉంటాయి, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు మాత్రం దీర్ఘకాలం వద్దు, అవే పేగుల నొప్పిని పెంచుతాయి.

ఊపిరి సాధన: ఒక చెయ్యి రొమ్ము మీద, ఒకటి పొట్ట మీద. నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదలాలి, పొట్ట మీది చెయ్యే కదలాలి. నొప్పి లేని వేళ రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. తల తేలిపోతున్నట్టున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా మరీ ఎక్కువ పీలుస్తున్నట్టే, తగ్గించాలి.

ఒకసారి ఫంక్షనల్, అంటే పనితీరు తేడాయే, అని తేలాక కొత్తగా వచ్చే ప్రతి నొప్పినీ దాని ఖాతాలో వేయకూడదు. బరువు తగ్గినా, రక్తం కనబడినా, రాత్రి నిద్ర లేపినా, నొప్పి చోటూ తీరూ మారినా పరీక్షలు మళ్లీ తెరవాల్సిందే. అవే లక్షణాలు, అదే తీరు అయితే అదే స్కాను మళ్లీ తీయించినా కొత్తగా ఏమీ చెప్పదు. ఇచ్చే ధైర్యం కూడా కొద్దిరోజులే. దానికన్నా ఒకే డాక్టరు దగ్గర, నొప్పి ఉన్నా లేకపోయినా, మూడు నెలలకో అపాయింట్‌మెంటు పెట్టుకుని డైరీ తీసుకెళ్లండి. పైన చెప్పిన కొత్త లక్షణాల్లో ఏదొచ్చినా ఆ తేదీ దాకా ఆగనక్కర్లేదు, ఆ రోజే ఫోన్ చేయండి.