రేడియేటర్ మూతలోని చిన్న కవాటం

గత ఆదివారం శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా మా పాత కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీతను తాకింది. ఒత్తిడిలో ఉన్న వేడినీరు ముఖం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది కనుక, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, మందపాటి గుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పాను. రేడియేటర్‌లో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, బాగా తగ్గింది. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మాత్రం అంచుదాకా నిండి ఉంది. ఆ తేడాయే నన్ను ఆలోచింపజేసింది.

మూతలోని పెద్ద స్ప్రింగు సుమారు ఒక బార్ (దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) అదనపు ఒత్తిడిని లోపలే నిలిపి ఉంచుతుంది. అందువల్ల మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. ఆ నీటిలో కూలెంట్ మందు కలిపితే ఆ హద్దు ఇంకొంచెం పెరుగుతుంది. ఒత్తిడి అంతకు మించితే స్ప్రింగు లేచి, వ్యాకోచించిన కూలెంట్ సన్నని గొట్టం గుండా డబ్బాలోకి పోతుంది. ఇంజన్ చల్లారినప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, మూత నడుమ ఉన్న బొత్తామంత కవాటం (వాల్వ్) తెరుచుకుని, పోయిన కూలెంట్ వెనక్కి వస్తుంది. ఎంత చక్కని ఏర్పాటో!

మా మూతలో ఆ చిన్న కవాటమే మడ్డి పట్టి బిగుసుకుపోయింది. పోయింది పోయినట్టే ఉండిపోయింది. కొన్ని వారాలుగా ఉదయం పూట రేడియేటర్ పై రబ్బరు గొట్టం లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తున్నా, దానికి కారణం ఇదేనని నాకు తట్టలేదు.

అదే ఒత్తిడి అంకె ఉన్న కొత్త మూత బిగించి, డబ్బా మీద పెన్నుతో గీత పెట్టాను. మర్నాడు పొద్దున కూలెంట్ సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది.