గిమే మ్యూజియంలో పల్నాటి రాయి

పారిస్ వెళ్లాక లూవ్ర్ ఎలాగూ తప్పదు. మేమూ వెళ్లాం, మోనాలిసా ముందు అందరి మోచేతులూ తగిలించుకుని బయటపడ్డాం. నేను పట్టుబట్టి చూసింది మాత్రం ఆసియా కళాఖండాలుండే గిమే మ్యూజియం. మెట్రో 9వ లైన్‌లో ఇయేనా స్టేషన్‌లో దిగి పైకొస్తే అక్కడే ఉంటుంది. పారిస్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్న మా పిన్ని కొడుకు తోడొచ్చాడు. ఇన్నేళ్లుగా ఉంటున్నా వాడూ లోపలికి రావడం అదే మొదలు!

ఈ మ్యూజియం వెనక ఉన్నది నీలిరంగు డబ్బు. ఒకప్పుడు లాపిస్ లాజులి రాయి నూరి తీసే నీలం కొనాలంటే చిత్రకారులకు చుక్కలు కనిపించేవి. లియోన్‌కు చెందిన జాన్-బాతీస్త్ గిమే దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే పద్ధతి కనిపెట్టి 1828లో 6,000 ఫ్రాంకుల బహుమతి గెలిచాడు. తెల్లబట్టలకు పెట్టే నీలంగా కూడా అది బాగా అమ్ముడుపోయింది. కొడుకు ఎమిల్ వ్యాపారం చూసుకుంటూనే 1876లో జపాన్, చైనా, ఇండియా తిరిగొచ్చాడు. ఆయన పిచ్చి శిల్పాల మీద కాదు, మతాల మీద. సేకరించినవన్నీ 1879లో సొంతూళ్లో ప్రదర్శనకు పెట్టి, తర్వాత పారిస్‌కు తరలించాడు. అక్కడ మ్యూజియం తెరిచింది 1889లో, ఈఫిల్ టవర్ లేచిన ఏడాదే.

1945లో ఇక్కడ ఒక కుండమార్పిడి జరిగింది. లూవ్ర్ తన ఆసియా శిల్పాలను గిమేకు ఇచ్చింది, గిమే తన ఈజిప్టు వస్తువులను లూవ్ర్‌కు పంపింది. ఈ ముక్క తెలిస్తే రెండు మ్యూజియాల్లోనూ ఏది ఎందుకు అక్కడుందో సగం అర్థమవుతుంది.

కింది అంతస్తులో, కంబోడియాలోని అంగ్‌కోర్ ప్రేఃఖాన్ గుడి దారికి పిట్టగోడగా ఉండిన రాతి పాము ఉంది. దాన్ని లాగుతున్న రాక్షసుడు కూడా ఉన్నాడు. క్షీరసాగర మథనం అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్రెంచి అన్వేషకుడు లూయీ డెలాపోర్ట్ 1873లో కంబోడియా వెళ్లి బోలెడన్ని శిల్పాలు తెస్తే, లూవ్ర్ చోటు లేదంది. పాపం, అవన్నీ కొన్నాళ్లు కొంపియేన్ కోటలో ఉన్నాయి.

నేను వచ్చింది మాత్రం అమరావతి శైలి శిల్పాల కోసం. బుద్ధుడి ధ్యానం చెడగొట్టడానికి వచ్చిన మారుడి దాడి చెక్కిన 2వ శతాబ్దపు ఫలకం ముందు చాలాసేపు ఉండిపోయాను. చెట్టు కింద ఆసనం ఉంది, దాని మీద బుద్ధుడు లేడు, ఆ ఖాళీయే ఆయనకు గుర్తు. ఆ ఖాళీ పీట మీదికే మారుడి మంద అంతా ఎగబడుతోంది. లేత రంగు పల్నాటి సున్నపురాయి, పక్కనుంచి లైటు పడితే ఒక్కో ఒళ్లు విడిగా లేస్తోంది.

మన ప్రాంతపు తవ్వకాల్లో ఫ్రెంచివాళ్ల చెయ్యి కూడా ఉంది. పుదుచ్చేరిలో పాఠాలు చెప్పిన జువో-దుబ్రోయ్ 1926లో పల్నాడులోని గోలి దగ్గర స్తూప శిల్పాలు వెలికితీశాడు. అవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఆయన చేతిమీదుగా కొన్న శిల్పాలు కొన్ని విదేశాలకూ పోయాయి. గిమేలోని వివరాల పలకల మీద ఎవరు తెచ్చారో ఉంటుంది గానీ, తెచ్చినచోటి వాళ్లను అడిగారా లేదా అన్నది ఉండదు. నాకైతే ఆ ఒక్క లైనూ రాస్తే బాగుండుననిపించింది.

బయటికొచ్చి దబీయి కాలివంతెన మీదుగా సీన్ నది దాటితే కే బ్రాన్లీ మ్యూజియం. 1892లో ఫ్రెంచి సైన్యం పశ్చిమాఫ్రికాలోని అబొమే రాజభవనాల నుంచి పట్టుకొచ్చిన వాటిలో 26 వస్తువులను 2021లో ఇక్కడి నుంచే బెనిన్ దేశానికి తిరిగిచ్చేశారు. సగం మనిషి, సగం సింహంగా చెక్కిన గ్లెలే రాజు విగ్రహం వాటిలో ఒకటి. ఫ్రాన్సులో ప్రభుత్వ మ్యూజియాల వస్తువులు అమ్మడానికీ ఇవ్వడానికీ వీల్లేకపోవడంతో, దీనికోసం 2020లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ఇది చెప్పగానే మావాడికి ఊపొచ్చింది. "అన్నా, అయితే మన రాళ్లు కూడా ఇమ్మని అడగొచ్చుగా?"

"అడగొచ్చురా. అమరావతి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, ఇక్కడ ఉన్నాయి. ముందు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నవి తెచ్చుకో, వీసా కూడా అక్కర్లేదు" అన్నాను.