పరిహారం డబ్బు ఖాతాలో పడింది, అది ఎవరిది?

రోడ్డుకో కాలువకో భూమి పోయి, తండ్రి ఖాతాలో ఒక్కసారిగా కోటీ 20 లక్షలు పడ్డాయనుకుందాం. మర్నాటి నుంచే బీమా ఏజెంట్లు, ప్లాట్లవాళ్లు గుమ్మంలో ఉంటారు. వాళ్లకు కాఫీ ఇచ్చి పంపేయండి. ముందు తేలాల్సింది ఆ డబ్బులో తండ్రి వాటా ఎంతన్నది.

పోయిన భూమి పంపకాలు కాని హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే పరిహారమూ ఉమ్మడిదే. చెక్కు మీద ఒక్క పేరే ఉన్నా కొడుకుకీ కూతురికీ పుట్టుకతోనే అందులో వాటా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఈ హక్కు 1985 నుంచి షరతులతో ఉండేది, హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణతో దేశమంతా వచ్చింది. తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉంటే తలా 40 లక్షలు. వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన 40 లక్షలు ఆయన తల్లి, భార్య, కొడుకు, కూతురు నలుగురికీ సమానం. అంటే కూతురికి మొత్తం 50 లక్షలు, భార్యకు 10. చాలా ఇళ్లలో ఈ అంకె చూశాకే వీలునామా గుర్తొస్తుంది. అయితే తాత నుంచి వచ్చిందల్లా ఉమ్మడి ఆస్తి కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక తాత తన సొంత ఆస్తిని వీలునామా రాయకుండా వదిలిపోతే, తండ్రికి వచ్చిన వాటా ఆయన సొంతమే. భూమి ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకి, ఏ దస్తావేజుతో మారిందో పాత పహాణీలు, లింకు డాక్యుమెంట్లు తీసి చూడాలి.

బ్యాంకులో నామినీ పేరు రాయించాం కదా అంటారు. నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, హక్కుదారులు వారసులే. సుప్రీంకోర్టు 2023లో షేర్ల విషయంలో ఇదే చెప్పింది. 2025 నవంబర్ 1 నుంచి ఒక ఖాతాకు నలుగురిని పెట్టుకోవచ్చు. అదీ వీలునామాకు బదులు కాదు.

2013 భూసేకరణ చట్టం కింద అవార్డుగా (అంటే పరిహారం ఖరారు చేసే అధికారిక ఉత్తర్వుతో) వచ్చిన పరిహారానికి ఆదాయపన్ను లేదు, డిపాజిట్ వడ్డీకి ఉంది. భర్త తన డబ్బు భార్య పేర వేసినా ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుపుతారు. బ్యాంకు మునిగితే అన్ని బ్రాంచీలూ కలిపి ఒక్కో మనిషికి వడ్డీతో సహా 5 లక్షల వరకే బీమా.

ఇక వీలునామా. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. రాసేవారు సంతకమో వేలిముద్రో వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు అది చూసి, ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. తర్వాత కోర్టులో ఒక్క సాక్షైనా వచ్చి చెప్పాలి కాబట్టి రాసేవారికంటే చిన్నవాళ్లను, వాటా రానివాళ్లను ఎంచుకోండి. వాటా పొందే కొడుకే దగ్గరుండి రాయించి, సాక్షులను తెచ్చి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళితే కోర్టు అనుమానించే మొదటి విషయం అదే. పెద్ద వయసువారైతే అదే రోజు డాక్టరు సర్టిఫికెట్ పెట్టండి. డిపాజిట్ నంబర్లు రాస్తే రెన్యువల్‌తో మారిపోతాయి. ‘ఫలానా బ్యాంకులో నా పేర ఉన్న డిపాజిట్లన్నీ’ అని రాయండి. చివర ‘ఇందులో రాయని, ఇకపై నాకు వచ్చే ఆస్తులు ఫలానావారికి’ అన్న వాక్యం ఉండాలి. లేకపోతే ఆ తర్వాత కొన్న ప్లాటు మళ్లీ వారసుల పంపకంలోకే వెళుతుంది.

పిల్లల పేర ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేద్దామనే తొందర నాకు నచ్చదు, రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. తప్పదంటే ‘నన్ను పోషించాలి’ అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 వృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద రద్దు కోరడానికి అదే ఆధారం.

వీలునామా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తేనే మంచిది. అయినా తర్వాతి తేదీతో చెల్లే వీలునామా రాస్తే, అది రిజిస్టర్ కాకపోయినా అదే నిలుస్తుంది. రిజిస్టరైన దాని నకలు రాసినవారు బతికుండగా వారికే ఇస్తారు, పోయాక మరణ ధ్రువపత్రంతో ఇంట్లోవాళ్లు తీసుకోవచ్చు. ఏ ఆఫీసులో, ఏ సంవత్సరంలో, ఏ నంబరుతో రిజిస్టరైందో ఒక చీటీ రాసి బీరువాలో పాస్‌బుక్కులతో పాటు ఉంచండి.