ఆరు చామంతి కుండీలు: 122 రోజుల లెక్క

1వ రోజు. పాత చామంతి పూలన్నీ అయిపోయాక మొదట్లోంచి పిలకలు లేచాయి. పూసిన కొమ్మ కంటే ఈ లేత పిలకలకే వేర్లు బాగా వస్తాయి. కణుపు కింద కోసి, ఆరేడు సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిది తీశాను. కింది ఆకులు తీసేసి, ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమానంగా కలిపిన మిశ్రమంలో గుచ్చి, పైన పాలిథిన్ కవర్ కప్పి నీడలో పెట్టాను.

9వ రోజు. రెండు ముక్కల అడుగు నల్లబడి కుళ్లిపోయింది. తప్పు నాదే, తడి ఎక్కువైంది. మిగతా ఆరింటికి కవర్ రోజూ కాసేపు తీసి గాలి తగలనిస్తున్నాను.

18వ రోజు. మెల్లగా లాగితే ముక్క కదల్లేదు. ఒకటి తీసి చూస్తే రెండు సెంటీమీటర్ల తెల్లటి వేర్లు! ఆరింటినీ చిన్న సంచుల్లోకి మార్చాను.

32వ రోజు. ఒక్కో మొక్కకు ఏడు ఆకులొచ్చాయి. చిగురు తుంచాను. పచ్చగా ఎదుగుతున్న చిగురును తుంచడానికి ఎప్పుడూ చేయి రాదు. కానీ తుంచకపోతే ఒకే కాడ సన్నగా పొడుగ్గా పోయి నేలకు వాలిపోతుంది. వారానికల్లా ఒక్కో దానికి మూడు నాలుగు పక్క కొమ్మలు వచ్చాయి.

50వ రోజు. పది అంగుళాల కుండీల్లోకి మార్చాను. మట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, ఇసుక ఒక పాలు. అయిదు రోజుల తర్వాత పక్క కొమ్మల చిగుళ్లు కూడా తుంచాను. పగళ్లు తగ్గే కాలం దగ్గరపడింది, ఇక తుంచేది లేదు. ఇప్పుడు తుంచితే మొగ్గ పట్టాల్సిన కొసలే పోతాయి.

70వ రోజు. చిగుళ్ల దగ్గర ఆకులు ముడుచుకుంటే తిప్పి చూశాను, పేనుబంక, రసం పీల్చే చిన్న పురుగులు. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగి, సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి ఆకుల అడుగున కొట్టాను. వారం తర్వాత మళ్లీ కొట్టాక తగ్గింది. ఆకుమచ్చ రాకుండా మామూలు నీళ్లు మాత్రం మొదట్లోనే పోస్తున్నాను.

85వ రోజు. నాలుగు కుండీల్లో మొగ్గలు కనిపించాయి. మిగతా రెండూ ఇంకా ఏపుగా ఆకులే వేస్తున్నాయి. ఒకే తల్లి మొక్క, ఒకే మట్టి, ఒకే ఎరువు. మూడు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి రాత్రి పదింటికి నీళ్ల బకెట్ కోసం బయటికొస్తే విషయం అర్థమైంది. ఆ రెండూ వరండా లైటు కిందే ఉన్నాయి, అది తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది.

చామంతి మొగ్గ వేయాలంటే పొడుగాటి చీకటి రాత్రులు కావాలి. 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు పొగాకు, సోయాబీన్ మొక్కలతో బయటపెట్టిన సంగతే ఇది: పగలు, రాత్రి నిడివిని బట్టి మొక్క పూస్తుంది. ఆ నిడివిని గ్రహించేవి ఆకులు. రాత్రి మధ్యలో వెలుగు పడితే ఆ రాత్రి మొక్క లెక్కలో పొడుగాటి రాత్రి కాదు. పూలు ఆలస్యంగా కావాలనుకునే రైతులు రాత్రి లైట్లు వేసేది, తొందరగా కావాలనుకునేవారు నల్ల గుడ్డ కప్పేది ఇందుకే. ఇదంతా తెలిసి కూడా కుండీ పెట్టేటప్పుడు ఎండ పడుతుందా లేదా అనే చూశాను, చీకటి సంగతి చూడలేదు.

88వ రోజు. ఆ రెండు కుండీలనూ లైటు వెలుగు పడని మూలకు మార్చాను. మొగ్గలున్న నాలుగింటికి నత్రజని ఎరువు ఆపేశాను. ఒక మొక్కకు మాత్రం ప్రతి కొమ్మకూ నడిమి మొగ్గ ఒక్కటే ఉంచి పక్కవి గిల్లేశాను, పువ్వు ఎంత పెద్దదవుతుందో చూద్దామని.

114వ రోజు. చోటు మార్చిన రెండింటిలో ఒకదాని కొసన మిరియం గింజంత మొగ్గ! సాయంత్రం రెండో దానిలో కూడా కనిపించింది.

122వ రోజు. గిల్లిన మొక్క మొదటి పువ్వు పూర్తిగా విచ్చుకుంది. అంచు నుంచి ఒక రేకు లాగి భూతద్దంతో చూశాను. మొదట్లో సన్నటి గొట్టం, అందులోంచి రెండుగా చీలిన కీలాగ్రం, అంటే పువ్వులో పుప్పొడి అందుకునే కొస. మనం రేకు అనుకునేది నిజానికి ఒక పువ్వు, అలాంటివి వందలు కలిస్తే ఒక చామంతి. పక్క మొగ్గలు ఉంచేసిన మొక్కల పూలు దీనిలో సగమే, కానీ కొమ్మకు అయిదారు ఉన్నాయి. వచ్చేసారి గిల్లను, నాకు గుత్తులే నచ్చాయి. ఆలస్యమైన రెండు కుండీలకు ఈ రోజే వెదురు పుల్లలు కట్టాను. మొగ్గలిప్పుడు శనగగింజంత ఉన్నాయి.