40 రూపాయల ఫాంటమ్, వదలని టేపు మరక

నాలుగో వారం కూడా ఓడిపోయాను. రాత్రి చెరిపే రబ్బరు పక్కన పడేసి, పాత ఫాంటమ్ కామిక్‌లోని టేపు మరకను మళ్లీ కొలిచాను. పొడవు 11 సెంటీమీటర్లు, వెడల్పు 18 మిల్లీమీటర్లు. మొదటి రోజు ఎంతో ఇప్పుడూ అంతే.

హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పోటీ పరీక్షల గైడ్ల కట్ట కింద దొరికింది ఈ ఇంద్రజాల్ కామిక్. డెబ్బైల నాటి ఫాంటమ్ సంచిక, ముఖచిత్రం మీద ధర 1 రూపాయి. అమ్మేవాడు 60 అన్నాడు, చిరిగిన వెన్ను చూపించి 40కి తెచ్చుకున్నాను. ఇల్లు చేరేలోపు బస్సులోనే పూర్తిచేశాను. సూపర్‌మాన్ 1938లో వచ్చాడు, మన ముసుగువీరుడు ఫాంటమ్ అంతకు రెండేళ్ల ముందే లీ ఫాక్ చేతిలో పుట్టాడు. ఎగరలేడు, గుండు తగిలితే నెత్తురు కారుతుంది. ఉన్నదల్లా హీరో అనే తెల్లగుర్రం, డెవిల్ అనే తోడేలు, పుర్రె ఉంగరం, చావులేనివాడన్న పుకారు. నాకు అదే ఇష్టం. ఇంద్రజాల్‌వాళ్లు ఫాంటమ్ ఉండే కల్పిత దేశం బెంగాలా పేరును డెంకాలిగా మార్చారు, పేజీల లెక్క కుదరడానికి బొమ్మలూ కత్తిరించేవారు. ఇందులోనూ ఒక దొంగ ఓడ మీద తుపాకీ ఎత్తి, తర్వాతి గడిలో చెట్టుకు కట్టేసి కనిపిస్తాడు. మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవడం కూడా సరదాగానే ఉంది.

పాత కాగితపు ముక్కిన వాసన, వంటసోడా వేసిన డబ్బాలో పెడితే నాలుగు రోజులకు పోయింది. తుప్పు పిన్నులు తీసి దారంతో కుట్టాను, బాగా వచ్చింది.

ఇక టేపు. ఎవరో మొదటి పేజీ మడత వెంట సెలోటేపు అంటించారు. హెయిర్ డ్రయ్యర్‌ను 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి 40 సెకన్లు వేడి చేస్తే పై పొర తేలిగ్గా లేచింది. గెలిచాననుకున్నాను. కింద తేనెరంగు జిగురు మిగిలింది. మెత్తటి రబ్బరుతో (నాకు పిండిముద్దలా మెత్తగా నలిగే ఫేబర్-కాస్టెల్ రబ్బరే నచ్చుతుంది, గట్టివి కాగితాన్ని గీరేస్తాయి) పైపైన ఉన్నది ఉండలు ఉండలుగా వచ్చేసింది. వేలికి అంటడం లేదు కానీ మరక మాత్రం కాగితంలోనే ఉంది. వెలుతురుకు ఎత్తితే నూనె పడ్డ పకోడీ పొట్లంలా అవతలి బొమ్మ కనిపిస్తోంది. టాల్కం పౌడరు చల్లి, మీద 3 కిలోల నిఘంటువు పెట్టి 48 గంటలు ఉంచాను. ఏమీ పీల్చలేదు. మళ్లీ 72 గంటలు ఉంచాను. పౌడరు తెల్లగానే ఉంది.

నా అనుమానం ఇది. ఈ రకం టేపుల్లోని రబ్బరు జిగురు మొదట నూనెలా మారి కాగితంలోకి ఇంకుతుంది, ఆ తర్వాత గాలి తగిలి గట్టిపడి పసుపెక్కుతుంది. ఆ దశ దాటాక మామూలు ద్రావకాలకు లొంగడం కష్టం. అయినా ఆశ చావక, ఇలాంటి టేపు మరకే ఉన్న చిత్తు కామిక్ పేజీ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు దూదితో అద్ది చూశాను. మరక అంచు కొంచెం పలచబడింది, దాంతోపాటే ఎర్రరంగు 4 మిల్లీమీటర్లు పాకింది. పక్కన పరీక్షకని బాల్‌పెన్నుతో రాసిన నా సంతకం నీలిమబ్బయింది.

అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే అసలు ప్రతిలో సరిగ్గా ఆ మరక ఉన్నచోటే ఒక పిల్లవాడు బాల్‌పెన్నుతో తన పేరు రాసుకున్నాడు, కింద “4వ తరగతి, బి సెక్షన్” అని. సేకరణదారులు ఇలాంటి రాతను లోపమంటారు. నాకు మాత్రం పుస్తకం విలువలో సగం అదే. మరక కోసం దాన్ని కడిగేయలేను.

కాబట్టి మరక ఉంటుంది. చిరిగిన మడత వెనక మాత్రం పల్చటి జపాన్ కాగితం, గోధుమ స్టార్చ్ గంజితో అతుకు వేస్తాను. పోస్టర్ల మైదా బంక వద్దు, పురుగు పడుతుంది. గంజి అయితే రేపు తప్పనిపిస్తే తడిపి తీయవచ్చు, టేపుకు ఆ మంచితనం లేదు.

వచ్చే ఆదివారం మళ్లీ ఆబిడ్స్ వెళ్లాలి. అదే కట్టలో అట్ట లేని మాండ్రేక్ (మాంత్రికుడు హీరోగా ఉండే కామిక్) ఒకటి కనిపించింది, అప్పుడు 30 అన్నాడు. దానికీ టేపు ఉంటే 20కే అడుగుతాను. ద్రావకం ప్రయోగాలు ఇక దాని మీదే, ముందు లోపల ఎవరి పేరూ లేదని చూసుకున్నాకే.