రైళ్లన్నీ ఒకే వేళకు కలిసే చోట

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ స్టేషన్‌లో నేను కావాలనే ఒక రైలు వదిలేశాను. జూరిక్ నుంచి సాస్ ఫే అనే కొండ ఊరికి వెళ్తున్నాను, బెర్న్‌లో దిగకుండా కూడా పోవచ్చు, కానీ అక్కడ గంట మారే వేళ ఏం జరుగుతుందో కళ్లారా చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

గంటకు కొన్ని నిమిషాల ముందు జూరిక్ రైలు, బాసెల్ రైలు, ఇంకా చుట్టుపక్కల ఊళ్లవి వరసగా వచ్చి ఆగాయి. జనం దిగి, కింది దారిలోంచి అవతలి ప్లాట్‌ఫామ్‌లకు మామూలుగా నడిచి వెళ్లారు, ఎవరి ముఖంలోనూ టెన్షన్ లేదు. గంట దాటిన కాసేపటికి అన్నీ తలో దిక్కుకీ వెళ్లిపోయాయి. అరగంటకి మళ్లీ ఇదే.

పది ఊళ్లను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 45 మార్గాలు కావాలి, మధ్యలో ఒక కూడలి పెడితే పది చాలు. అయితే ఆ కూడలిలో గంటసేపు పడిగాపులు పడాల్సి వస్తే ఈ లాభమంతా వృథా. స్విస్ వాళ్లు పట్టుకున్నది ఇక్కడే. ప్రతి గంటా అదే నిమిషానికి రైలు నడిచే టైమ్‌టేబుల్‌ను 1982లో దేశమంతటా తెచ్చారు. తర్వాత 'రైల్ 2000' పథకానికి 1987లో జనం ఓటేసి ఒప్పుకున్నారు. పెద్ద కూడళ్ల మధ్య ప్రయాణం గంటకు కాస్త లోపు ఉండాలన్నది దాని లెక్క. అలా ఉంటేనే ఒక చోట గంట దాటాక బయల్దేరిన రైలు, తర్వాతి కూడలికి గంటలోపే చేరి మిగతావాటిని అందుకుంటుంది. జూరిక్, బెర్న్ మధ్య అంతకుముందు గంట దాటేది, 2004లో కొత్త లైను వేసి 56 నిమిషాలకు తెచ్చారు. ఇంకా తగ్గించి ఏం లాభం, ముందే వచ్చి ప్లాట్‌ఫామ్ మీద ఆగడం తప్ప? నాకు బాగా నచ్చింది ఈ నిగ్రహమే. వేగమే గొప్ప అనుకునే వాళ్లకు ఇది ఒకపట్టాన ఎక్కదు.

దీనికి ఇబ్బందీ ఉంది. ఒక్కటి ఆలస్యమైతే దాని కోసం ఎన్నింటిని ఆపాలి? జర్మనీ నుంచి బాగా ఆలస్యంగా వచ్చే కొన్ని రైళ్లను సరిహద్దులోని బాసెల్‌లోనే ఆపేసి, అక్కడి నుంచి ప్రయాణికులను వేరే రైలు ఎక్కిస్తారు. ఆ రైల్లో ఉన్నవాళ్లకు కష్టమే, అయినా దేశం మొత్తం కనెక్షన్లు తప్పిపోవడం కన్నా అదే మేలనిపిస్తుంది నాకు.

బెర్న్ తర్వాత 34.6 కిలోమీటర్ల లోచ్‌బెర్గ్ సొరంగం దాటితే విస్ప్. 2007లో ఈ సొరంగం తెరిచాకే ఈ చిన్న ఊరు పెద్ద కూడలైంది. నేను దిగేసరికి జెర్మాట్ వెళ్లే చిన్న గేజ్ రైలు ఒక పక్క, తపాలా సంస్థ నడిపే పసుపురంగు పోస్ట్ బస్సులు స్టేషన్ బయటే ఉన్నాయి. మా రైలు రెండు మూడు నిమిషాలు లేటు, బస్సు డ్రైవర్ ఆగాడు. పెద్ద రైలు, చిన్న రైలు, బస్సు మూడూ వేర్వేరు సంస్థలవి, అయినా జూరిక్‌లో కొన్న ఒక్క టికెట్టే సాస్ ఫే దాకా చెల్లింది.