నేర్చుకునేవాళ్లకీ చేయి తిరిగినవాళ్లకీ ఒకే సాఫ్ట్‌వేర్

ఇంటి ప్లాన్లు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. కొందరు "సులువుగా ఉండేది చెప్పండి మేడం" అంటారు, ఇంకొందరు "అన్నీ చేయగలిగేది చెప్పండి" అంటారు. అవి రెండూ వేరువేరు అంగళ్లలో దొరికే సరుకులని అందరికీ ఎలాగో మనసులో పడిపోయింది. నెల్లూరులో ప్లాన్లు గీస్తూ, డిప్లొమా సివిల్ చదివిన పిల్లలకి సాయంత్రాలు నేర్పుతుంటాను. నా మాట ఏమిటంటే, ఆ రెంటినీ విడదీసిన సాఫ్ట్‌వేర్ ఇద్దరికీ నష్టమే చేస్తుంది.

ముందు అడ్డుపడేది కొలత. మా వైపు ఇల్లంటే అడుగులూ అంగుళాలే. తొమ్మిదంగుళాల గోడ, నాలుగున్నర గోడ, మూడున్నర అడుగుల వాకిలి. ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోకాడ్‌లో మామూలు డెసిమల్ టెంప్లేట్‌తో (కొలతలు ముందే పెట్టి ఉన్న ఖాళీ ఫైలు నమూనా) ఫైలు తెరిచి, గీత మొదలుపెట్టి, పన్నెండు పక్కన అడుగుల గుర్తు కొడితే అది తీసుకోదు. యూనిట్స్ లోకి వెళ్లి ఆర్కిటెక్చరల్ అని మార్చితేనే దానికి అడుగులు తెలుస్తాయి. తెలిసినవాళ్లకి ఇది లెక్కలోకి రాని పని, సొంత టెంప్లేట్ ఒకటి చేసి పెట్టుకుంటే మళ్లీ గుర్తుకు కూడా రాదు. కొత్తగా వచ్చిన పిల్లకి మాత్రం "ఇది నా వల్ల కాదులే" అనే భయం సరిగ్గా అక్కడే పుడుతుంది. ఇంటిని త్రీడీలో లేపే స్కెచప్ అయితే తెరవగానే ఏ కొలతల టెంప్లేట్ కావాలో చూపించి ఎంచుకోమంటుంది. పైగా అడుగుల ఫైల్లో ఉండి మిల్లీమీటర్ల గుర్తుతో అంకె కొట్టినా, తనే మార్చుకుని గీస్తుంది. యూపీవీసీ కిటికీల వాళ్లు కొలత మిల్లీమీటర్లలో చెప్తారు, మేస్త్రి అడుగుల్లో అడుగుతాడు. ఆ వెసులుబాటు మొదటి రోజు పిల్లకి ఎంత ఉపయోగమో, ఇన్నేళ్ల తర్వాత నాకూ అంతే ఉపయోగం. నేను కోరుకునేది ఇలాంటివే.

స్కెచప్‌లో మెట్లు వేసే పద్ధతి చూడండి. పది అడుగుల ఎత్తుకి ఆరంగుళాల చొప్పున ఇరవై మెట్లు. ఒక మెట్టు గీసి కాంపొనెంట్ చేస్తారు, అంటే ఒకటి మారిస్తే దాని కాపీలన్నీ మారతాయి. మూవ్ టూల్ పట్టుకుని కంట్రోల్ నొక్కితే, జరిపేది పోయి కాపీ చేసేది అవుతుంది. మొదటి మెట్టు కింది మూల నుంచి పై మూలకి రెండోదాన్ని పెట్టి, వెంటనే 19, పక్కన ఎక్స్ అని కొట్టి ఎంటర్ నొక్కితే మిగతా మెట్లన్నీ వరసగా లేస్తాయి. తర్వాత ఒక మెట్టుకి ముక్కు బయటికి లాగితే ఇరవైకీ వస్తుంది. కొత్త పిల్ల అదే మూవ్ టూల్‌తో ఒక్కొక్కటీ చేత్తో పెట్టినా మెట్లు వస్తాయి, తప్పేం లేదు. ఆమె వాడేదీ నేను వాడేదీ ఒకే టూలు. నా చేతిలో కంట్రోల్ మీటా, ఒక అంకే ఎక్కువ, అంతే. ఆమె నా పక్కన కూర్చుని చూస్తే అర్థమైపోతుంది, అప్పటిదాకా నేర్చుకున్నది వదిలేసి మరో మోడ్‌లోకి వెళ్లనక్కర్లేదు.

అలాగని స్కెచప్ సులువుదనమంతా లాభమే అనను. అందులో గీసిన గీతలూ తలాలూ ఒకదానికొకటి తగిలితే అతుక్కుంటాయి. గోడలు లేపి, పైన స్లాబు గీసి, స్లాబుని అడుగు పక్కకి జరిపితే కింద గోడలు కూడా వంకరపోతాయి. దానికి మందు గ్రూపు చేయడం. గోడలు ఒక గ్రూపు, స్లాబు ఒక గ్రూపు అయితే దేని మానాన అది ఉంటుంది. గ్రూపు లేకుండానే ఇల్లంతా లేపగలగడం మొదటి గంటలో హాయిగా ఉంటుంది, ఆ హాయికి వారం తర్వాత వడ్డీతో కట్టాలి. అందుకే నా దగ్గర తలాన్ని పైకి లాగి గోడ లేపే పుష్‌పుల్ కన్నా ముందు గ్రూపు నేర్పుతాను. పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇటు ఆటోకాడ్ మీద "పాతది, కష్టం" అనే ముద్ర పడింది. 1982లో మొదలైన సాఫ్ట్‌వేర్ కదా, ఆ వయసు కనిపిస్తుంది. కానీ తెర కింద ఆజ్ఞలు కొట్టే కమాండ్ లైన్ చూసి భయపడేవాళ్లకి నేను చెప్పేదొకటే: దాన్ని చదవండి. గోడ మందం కోసం O అనే అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే, గీత పక్కన అదే తీరు గీత వేసే ఆఫ్‌సెట్ వస్తుంది. ఎంత దూరం అని అడుగుతుంది, తొమ్మిది అంటాం. ఏ గీత అని అడుగుతుంది, చూపిస్తాం. ఏ వైపు అని అడుగుతుంది, లోపలికి నొక్కుతాం. పక్కన మనిషి కూర్చుని అడిగినట్టే అడుగుతుంది. చేయి తిరిగినవాళ్లు ఆ ప్రశ్నల వైపు చూడకుండా గబగబా జవాబులు కొట్టేస్తారు, కొత్తవాళ్లు ఒక్కొక్కటీ చదివి జవాబిస్తారు. ఇద్దరికీ అదే వరస. సులువు చేస్తున్నామని ఆ వరసని ఎవరైనా దాచేస్తే నాకు బాధేస్తుంది. పైన పరిచిన రిబ్బన్ బటన్ల బొమ్మలు ఏ కమాండ్ ఎక్కడుందో చూపిస్తాయి, తర్వాత ఏం చేయాలో చెప్పేది మాత్రం కమాండ్ లైనే.

పైన ఉండే బటన్లు మారినప్పుడల్లా గొడవలు జరుగుతూనే ఉన్నాయి. ఆటోకాడ్ 2015 వెర్షన్‌లో, రిబ్బన్ లేని పాత తెర అమరిక క్లాసిక్ వర్క్‌స్పేస్‌ని తీసేశారు, అలవాటుపడ్డవాళ్లు దాన్ని మళ్లీ చేత్తో కట్టుకున్నారు. త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ బ్లెండర్ వాళ్లు 2019లో 2.80 వెర్షన్ తెచ్చినప్పుడు, మౌస్ కుడి మీటతో ఎంచుకునే పాత పద్ధతిని ఎడమ మీటకి మార్చారు. పాతవాళ్ల కోసం కుడి మీటని సెట్టింగుల్లో ఉంచారు. ఆ రెండో పద్ధతి నాకు నచ్చింది. మొదటిసారి తెరిచేవాళ్ల చేతికి తగినట్టు డీఫాల్ట్ పెట్టి, పాత చేతిని కూడా గౌరవించారు.

ఏది మొదటి పాఠం, ఏది పెద్ద చదువు అన్నది అన్ని ఊళ్లకీ ఒకటి కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. చాలా పాఠాల్లో లేయర్లు, అంటే గీతల్ని రకాల వారీగా విడదీసి పెట్టే పొరలు, తర్వాత వస్తాయి. మాకు మొదటి నెలలోనే కావాలి. మున్సిపాలిటీ అనుమతికి ఆన్‌లైన్‌లో పెట్టే డ్రాయింగ్‌లో ప్లాటు హద్దు ఏ లేయర్లో ఉండాలో, గది ఏ లేయర్లో ఉండాలో వాళ్లు చెప్పినట్టే ఉండాలి. సెట్‌బ్యాకు, అంటే హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, కొలిచి చూసేది కంప్యూటరే. గీత చక్కగా ఉండి లేయరు తప్పితే, ఆ గీత దాని కంటికి కనిపించనట్టే. అలాంటప్పుడు "కొత్తవాళ్ల మోడ్" అని లేయర్లు దాచేసిన సాఫ్ట్‌వేర్ ఇస్తే మా పిల్లలు ఏం చేసుకోవాలి? ఇల్లు ఫోటోలా నిగనిగలాడేలా చూపించే రెండరింగ్ మాత్రం ముందు వరసలో పెడతారు, అది మాకు ఆర్నెల్ల తర్వాత కావాల్సిన సరుకు.

ఇక అంకణాల సంగతి. నెల్లూరులో అంకణం అంటే 36 చదరపు అడుగులు. తిరుపతి వైపు వెళ్తే అదే మాటకి 72. స్థలం చూపించిన ఏ ఆసామీ అయినా అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని అంకణాలు పడిందమ్మా?" అనే. మా నెల్లూరు లెక్కన సెంటుకి 12.1 అంకణాలు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్లకైతే గజాల్లో చెప్పాలి. ఈ లెక్క ఈ సాఫ్ట్‌వేర్ల మెనూల్లో ఉండదు, ఉండాలని నేను అడగను కూడా. ఇలా ప్రతి జిల్లా కొలతా మెనూలో పెట్టుకుంటూపోతే తెర మీద గీత గీయడానికి చోటుండదు. నాకు కావాల్సింది, దాన్ని నేనే చేర్చుకునే వీలు. ఆటోకాడ్‌లో 1986 నుంచి సొంత కమాండ్లు రాసుకునే భాష ఆటోలిస్ప్ ఉంది. మూసిన పాలీలైన్‌ని, అంటే ప్లాటు చుట్టూ తిరిగి మొదటికి కలిసే ఒకే గీతని, చూపిస్తే దాని వైశాల్యం తీసుకుని అంకణాలు చెప్పే చిన్న ముక్క రాసుకున్నాం. ఫైలు అంగుళాల్లో ఉంటుంది కాబట్టి 5184తో భాగించాలి, 144ని 36తో గుణిస్తే వచ్చేది అదే. కొన్ని వరుసలే. కొత్తవాళ్లు అందులో ఏముందో చూడనక్కర్లేదు, అంకణం అని కొడితే చాలు.

ఆటోకాడ్‌లోనే చవకగా దొరికే ఎల్‌టీ వెర్షన్‌లో ఆటోలిస్ప్‌ని 2024 ఎడిషన్‌లో గానీ ఇవ్వలేదు. ఆ నిర్ణయం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. చిన్న ఊళ్లో చిన్న ఆఫీసు నడిపేవాళ్లకే ఇలాంటి సొంత లెక్కలు ఎక్కువ, చవక వెర్షన్ కొనేదీ వాళ్లే. డబ్బు తక్కువున్నవాళ్లకి అవసరం కూడా తక్కువే ఉంటుందని అనుకోవడం అన్యాయం. స్కెచప్‌లో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషతో చిన్న చిన్న పరికరాలు రాసుకునే వీలు 2004 నుంచే ఉంది. వాటిలో చాలావరకు వాడేవాళ్లు ఒకరి కోసం ఒకరు రాసిపెట్టినవే.

మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి, లైన్ కమాండ్‌కే తడబడిన పిల్ల, మొన్న ఆ అంకణం ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసింది. "అక్కా, ఈ 5184 తీసేసి ఇంకో అంకె పెడితే సెంట్లు వస్తాయి కదా?" అంది. వస్తాయన్నాను. 435.6ని 144తో గుణించి 62726.4 తనే పెట్టుకుంది. ఇప్పుడు ఆ లెక్క కింద కమాండ్ లైన్లో కనపడితే చాలదట, ప్లాటు మధ్యలో అక్షరాలుగా పడాలట. టెక్స్ట్ ఎత్తు ఎంత పెట్టాలి, స్కేలు మారితే ఏమవుతుంది అని ఇద్దరం దాని మీదే కూర్చున్నాం.